అమ్మ మెడ మీద గీత

శ్రావణ శుక్రవారం ఉదయం ఏడుంబావుకి కొవ్వూరులో మా ఇంటి పెరటి వసారాలో ఉన్నవాళ్లు నలుగురు: అమ్మ, నాన్నగారు, నాన్నగారి అక్కయ్య అంటే మా అత్తయ్య, నేను. ఉన్న వస్తువులు: వెనక్కి వాలే పడక కుర్చీ, అందులో అమ్మ, గోరువెచ్చని నీళ్ల బిందె, వాసన లేని సబ్బు, నాన్నగారి పాత పంచె చింపి చేసిన మెత్తటి గుడ్డలు ఆరు, డాక్టరుగారు రాసిచ్చిన క్రీము, నా ఫోను, పదిహేను సెంటీమీటర్ల స్టీలు స్కేలు, అత్తయ్య చేతిలో పసుపు గిన్నె. ఇవి కాక ప్రహరీగోడకి అవతల గోదావరి. అప్పటికే ఎర్రనీరు వచ్చింది. చప్పుడు వినపడదు గానీ, ఏదో పెద్ద జంతువు పక్కన పడుకుని ఊపిరి తీస్తున్నట్టు ఇంట్లో ఏ గదిలో ఉన్నా తెలుస్తూ ఉండేది.

వరలక్ష్మీ వ్రతం ఆ రోజే. తలస్నానం చేయకుండా అమ్మ పూజకి కూర్చోదు. అమ్మ మెడ మీద నీళ్ల ధార పడకూడదు. ఈ రెండూ కుదరడం కోసమే పడక కుర్చీ. తల వెనక్కి వాలిస్తే జుట్టు మాత్రం తడవాలి, నీళ్లు వెనక పెట్టిన బక్కెట్లోకి పోవాలి. చెన్నై నుంచి వచ్చే రైల్లో కూర్చుని ఆ ఏర్పాటంతా కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. బొమ్మలో అంతా సరిపోయింది.

అమ్మకి కుడి చెవి కింద, లాలాజలం ఊరే గ్రంథిలో గడ్డ వచ్చింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేసి తీసేశారు. అది క్యాన్సర్ గడ్డ కాబట్టి ఆ చోట ఏమీ మిగలకుండా ప్రోటాన్ థెరపీ చేయించమన్నారు. దానికి అమ్మా, నాన్నగారూ చెన్నై వెళ్లారు. మొత్తం ముప్పై మూడు సిట్టింగులు, వారానికి ఐదు. గురువారంతో ఇరవై ఒకటి అయ్యాయి. యంత్రానికి సర్వీసింగు ఉందని శుక్రవారం సెలవిచ్చారు. శని ఆదివారాలు ఎలాగూ సెలవే. మూడు రోజులు కలిసొచ్చేసరికి అమ్మ, "వ్రతం మనింట్లో చేసుకుని వచ్చేద్దాం" అంది. ముందుముందు నోరు పూసి తినలేక నీరసపడుతుందేమో, ఇప్పుడే వెళ్లిరమ్మని డాక్టరుగారు ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టారు.

గురువారం ఆవిడ దీపం దగ్గరగా పెట్టి అమ్మ మెడని చూశారు. ఎర్రబడిన మేర అరచేయంత ఉంది. అది ఊహించినదే, దానికి ఆవిడ కంగారుపడలేదు. కానీ దాని కింది భాగంలో, అడ్డంగా ఉన్న ఒక సన్నటి గీత మీద, పెసరగింజంత చోట చర్మం లేచి నీరు చెమర్చింది. "సోమవారం పొద్దున నేనే చూస్తాను. ఆరి ఉంటే ఇరవై రెండోది ఇచ్చేద్దాం. పెద్దదై ఉంటే మానేదాకా ఆపక తప్పదు. మధ్యలో ఆపడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. మనం ఊరుకున్న రోజుల్లో అది ఊరుకోదు కదా" అన్నారు. 'అది' అంటే ఏమిటో మా ముగ్గురిలో ఎవరూ అడగలేదు.

కాబట్టి ఆ వసారాలో మా అందరికీ తెలిసిన సంగతి ఒకటే. సోమవారం పొద్దుటికి ఆ పెసరగింజ ఆరాలి.

అత్తయ్యకి ఇవన్నీ కొత్త. మావయ్యగారు పోయాక పన్నెండేళ్లుగా ఆవిడ మాతోనే ఉంటోంది. మేం చెన్నైలో ఉన్నన్నాళ్లూ ఇల్లు కనిపెట్టుకుని ఉంది. అమ్మ మెడకి చుట్టుకున్న కండువా పక్కకి జరిగినప్పుడు వంగి ఆ ఎరుపుని దగ్గరగా చూసింది. తర్వాత నా మీద పడింది.

"కరెంటు పెడితే కాలుతుందని తెలుసు గానీ, ఇది ఏదో కొత్త రకమనీ, కాలదనీ అన్నావు కదరా?"

"కాలదని అనలేదు అత్తయ్యా. మామూలు కిరణం ఉందే, అది మన వంతెన మీద ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్సు లాంటిది. కొవ్వూరులో ఆగదు, రాజమండ్రిలో ఆగదు, అవతలికి దూసుకుపోతుంది. ప్రోటాను పాసింజరు బండి. ఆగాల్సిన స్టేషన్లో ఆగిపోతుంది. అందుకే ఎడమ చెంప, గొంతు, నాలుక చాలావరకు బాగున్నాయి."

"మరి ఆగాల్సిన చోటే ఆగిపోయేదానికి పైన చర్మం ఏం అడ్డొచ్చింది?"

"గడ్డ ఉన్న చోటు చర్మం కిందే కదా. గుమ్మం దాటకుండా ఇంట్లోకి ఎలా వెళ్తుంది?"

"అయితే గుమ్మానికి పసుపు రాయాల్సిందే" అని అత్తయ్య గిన్నె ముందుకు చాపింది. అమ్మ కళ్లు మూసుకునే నవ్వింది. నేను గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టాను.

నేను ఫ్యాక్టరీల్లో కొలత పరికరాలు సరిచూసే ఇంజనీరుని. ముల్లు తప్పు చూపిస్తోందా, గొట్టంలోనే తేడా ఉందా అని తేల్చడం నా ఉద్యోగం. సెలవు దొరికి చెన్నై చేరిన నాటినుంచి, అంటే పన్నెండో సిట్టింగు నుంచి, రోజూ ఉదయం ఏడింటికి ఒకే కిటికీ దగ్గర, ఒకే దూరం నుంచి అమ్మ మెడని ఫొటో తీశాను. ఆ గీత నాలుగో ఫొటోలో మొదటిసారి కనపడింది. వెడల్పు రెండు మిల్లీమీటర్లు. మెడ మొదట్లో, ముందునుంచి వెనక్కి ఏటవాలుగా, రూళ్లకర్ర పెట్టి గీసినంత తిన్నగా ఉంది. చర్మం తనంతట తాను అలా గీతలు గీసుకోదు. దానికి నాలుగు కారణాలు రాసుకున్నాను: సిట్టింగులో తల కదలకుండా బిగించే మాస్కు అంచు, కిరణం పడే మేర అంచు, కండువా కుట్టు, దిండు గలీబు అతుకు. కండువాని కుట్టు లేని గుడ్డకి మార్చాను. గలీబు తిరగేశాను. మాస్కు గురించి టెక్నీషియన్ని అడిగితే అంచు అంత కిందికి రాదని చూపించాడు. కిరణం మేర ఆ గీతకి ఇంకా రెండు వేళ్లు కింద ముగుస్తుందన్నాడు. నాలుగూ కొట్టేశాను. గీత మాత్రం రోజురోజుకీ ముదురుతూ వచ్చింది.

అమ్మ తల వెనక్కి వాల్చింది. అత్తయ్య జుట్టు ముడి విప్పి చెంబుతో నీళ్లు పోసింది. వసారా చూరు కిందనుంచి వచ్చే వెలుతురు నీళ్లలో పడి, అమ్మ నుదుటి మీదా, పైకప్పు మీదా కదులుతోంది. మెడ తడవకుండా చూద్దామని నేను కండువా పూర్తిగా తీసేశాను.

గీత ఉండాల్సిన చోట గీత లేదు. దాని మీద పసుపుతాడు ఉంది.

"ఇదేంటమ్మా?"

"ఏది?"

"ఈ తాడు."

"ఏంటంటాడేంటి వీడు! సూత్రాలు. ఎప్పుడూ చూళ్లేదా?" అని కింద వేలాడుతున్న రెండు బంగారు బిళ్లల్ని వేళ్లతో తడుముకుంది.

"చెన్నైలో కూడా ఉన్నాయా?"

"లేకపోతే? బోసి మెడతో తిరుగుతున్నాననుకున్నావా?"

"నగలు వద్దని రాశానుగా. చెన్నై గదిలో గోడకి అంటించిన జాగ్రత్తల్లో. ఏడో నంబరు."

"నగలే తీసేశానుగా. బంగారు గొలుసు, దుద్దులు, గాజులు అన్నీ బీరువాలో పెట్టే వచ్చాను. ఇది నగా?"

నేను నాన్నగారి వైపు చూశాను. ఆయన పురోహితులు. ఊళ్లో పెళ్లిళ్లు చేయించి చేయించి ఆయన గొంతు బొంగురుపోయింది. అప్పుడు మాత్రం కొబ్బరిచెట్టు మొవ్వులో ఏదో కొత్తగా కనపడినట్టు పైకి చూస్తున్నారు.

"నాన్నగారూ, మీకు తెలుసా?"

"తెలుసు. పొద్దున్నే స్నానానికి ముందు తీసి నాకిస్తుంది. కరెంటు పెట్టినంతసేపూ నేను చేత్తో పట్టుకుని బయట కూర్చుంటాను. రాగానే ఇచ్చేస్తాను, వేసుకుంటుంది. నూలు దారమే కదరా. మెత్తగానే ఉంటుందనుకున్నాను."

ఏడింటికి నేను ఫొటో తీసే సమయానికి తాడు మెడ మీద ఉండేది కాదు. మిగిలిన పగలంతా, పడుకున్నప్పుడూ కండువా కింద ఉండేది. పది రోజులు నేను నాలుగు కారణాల మధ్య తిరుగుతుంటే అసలు కారణం నాన్నగారి గుప్పిట్లో ఉంది.

స్కేలు తాడు పక్కన పెట్టి చూశాను. రెండు మిల్లీమీటర్లు. వేలితో తాకితే గట్టిగా, గరుగ్గా తగిలింది. పసుపు నీళ్లలో నానబెట్టి ఆరేసిన నూలు ఎండుపుల్లలా బిగుసుకుంటుంది. ప్రతి శుక్రవారం దాని మీద మళ్లీ పసుపు పడుతుంది. మెడ తిప్పినప్పుడల్లా అది అదే చోట రాసుకుంటుంది.

తప్పు అమ్మది కాదని అక్కడే నాకు అర్థమైంది. నర్సు ఇచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఏడో అంశం రెండు వాక్యాలు. నగలు, గట్టి కాలర్లు వద్దని మొదటిది. మెడకి రాసుకునేది ఏదైనా సరే వద్దని రెండోది. తెలుగులో రాసేటప్పుడు ప్రతి అంశం ఒక్క వరుసలో పడితే బాగుంటుందని నేను రెండో వాక్యం తీసేశాను. గోడ మీద మిగిలింది రెండు మాటలు: 'నగలు వద్దు.' మా ఇంట్లోనే కాదు, మా వీధిలో ఏ ఇల్లాలిని అడిగినా పసుపుతాడుని నగల్లో కలపదు. నగలు తీసేసినప్పుడు కట్టుకునేదే అది.

"తీసెయ్యాలమ్మా" అన్నాను.

"ఇవాళా?"

"ఇప్పుడే."

వంతెన మీదికి గూడ్సు బండి ఎక్కింది. మా ఇంట్లో బండి దాటేదాకా మాటలు ఆపడం అలవాటు. అది చాలా పొడుగు బండి. దాని మోత నీళ్ల మీదుగా వచ్చి, వసారా స్తంభాల్లోంచి, కుర్చీ కర్రల్లోంచి పాకింది. బిందెలో నీళ్లు వలయాలుగా వణికాయి. అమ్మ తడి జుట్టు చివరల నుంచి బొట్లు ఒక్కొక్కటే బక్కెట్లో పడుతున్నాయి. బండి వెళ్లిపోయాక కూడా బొట్లు పడుతూనే ఉన్నాయి.

"అక్కడ గంటసేపు తియ్యడం వేరు" అంది అమ్మ చివరికి. "సౌభాగ్యం ఇమ్మని అడగడానికి కూర్చునే రోజున బోసి మెడతో కూర్చోమంటావా? నాకొచ్చింది చాలదూ? ఇంకా మీ నాన్నగారి మీదకి తేవాలా?"

నాన్నగారు ముందుకొచ్చారు. "ఇదిగో, మనిషి ప్రాణం కోసం తీస్తే దోషం లేదు. శాస్త్రం చెప్తున్నాను."

"మీ శాస్త్రం పెళ్లిపందిట్లో చెప్పండి."

"అక్కడా వినరు, ఇక్కడా వినవు. ఇంకెక్కడ చెప్పను?"

"పోనీ మెత్తటి దారానికి మారుద్దామా? సిల్కు దారం?" అన్నాను నేను.

"అది మాత్రం రాసుకోదుటరా?" అంది అత్తయ్య. అప్పటిదాకా ఆవిడ అమ్మ జుట్టు పిండుతోంది. పిండడం ఆపలేదు. తల పైకెత్తకుండానే మాట్లాడింది. "ఇదిగో అమ్మాయ్. నాది ముప్పై ఏడేళ్లు మెడ దిగలేదు. పురిటికి వెళ్లినప్పుడు దిగలేదు. టైఫాయిడ్‌తో నెల్లాళ్లు పడుకున్నప్పుడు దిగలేదు. మీ అన్నయ్యగారు పోయిన రోజు పొద్దున కూడా పసుపు రాసుకున్నాను. అదీ శుక్రవారమే."

తడి జుట్టుని గుప్పిట్లో పట్టి ఇంకోసారి పిండింది.

"ఏం ఆపిందే అది?" అంది అత్తయ్య.

గిన్నె మీద మూత పెట్టేసి, తుడుచుకోవడానికి గుడ్డ ఏదని నన్ను అడిగింది.

అమ్మ చాలాసేపు పైకప్పు వైపు చూసింది. అక్కడ నీళ్ల వెలుతురు ఇంకా ఆడుతోంది. తర్వాత రెండు చేతులూ మెడ దగ్గరికి తీసుకెళ్లింది. ఇన్నాళ్లూ తల మీదుగా తీసేది. అలా తీస్తే పచ్చి చర్మమంతా రాసుకుంటుంది కాబట్టి ముడే విప్పాలన్నాను. పసుపుకి బిగుసుకుపోయిన ముడి ఆవిడ వేళ్లకి లొంగలేదు. నాన్నగారు కుర్చీ వెనక వంగి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, గోటితో ఒక్కో పోగూ సడలించారు.

"వెయ్యి పెళ్లిళ్లలో ముళ్లు వేయించాను. విప్పడం ఇదే మొదలు" అన్నారు.

"మాట్లాడకుండా విప్పండి. చెవి దగ్గర ఊపిరి తగుల్తోంది."

తాడు ఊడి వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలనేది తర్వాతి సమస్య. వ్రతం కలశానికి వేద్దామంది అత్తయ్య. కలశం మర్నాడు కదిపేస్తాం కదా, ఆ తర్వాత ఎక్కడని అమ్మ అడిగింది. దేవుడి మందిరంలో పెడితే సోమవారం చెన్నైలో ఎలా అంది. అది మనిషి ఒంటి మీదే ఉండాలంది. ఎక్కడ ఉంటే అమ్మ మనసు నిలుస్తుందో ఆ షరతులన్నీ నేను మనసులో రాసుకుంటున్నాను. నేను తేల్చేలోపే నాన్నగారు తన జంధ్యాన్ని ముందుకు లాగారు. దానికి అప్పటికే ఇనప్పెట్టె తాళంచెవి ఒకటి, పిన్నీసు ఒకటి వేలాడుతున్నాయి. వాటి పక్కన పసుపుతాడు చుట్టి, మంత్రం చెప్తూ మూడు ముళ్లు వేసుకున్నారు.

"తాళంచెవి పక్కనా?" అంది అమ్మ.

"విలువైనవి పెట్టుకునేది ఇక్కడే కదుటే."

"పిన్నీసు కూడా విలువైనదేనా?" అంది అత్తయ్య.

"అక్కయ్యా, అది లేకపోతే నడివీధిలో నా పంచె ఏమవుతుందో నీకు తెలీదు."

అమ్మ నవ్వు ఆపుకోలేక చెంప పట్టుకుంది. "నవ్వించకండి. చర్మం లాగుతోంది."

అలా అమ్మ బోసి మెడతో వ్రతం చేసింది. నాన్నగారు ఉత్తరీయం తీసేసి ఎదురుగా కూర్చున్నారు. ఆయన మంత్రం చెప్తున్నంతసేపూ రెండు బంగారు బిళ్లలు ఆయన పొట్ట మీద కదులుతూ ఉన్నాయి. అమ్మ కలశం వైపు కన్నా అటే ఎక్కువ చూసింది. సాయంత్రం పేరంటానికి వచ్చిన పక్కింటావిడ ఆనవాయితీగా గంధం తీసుకుని అమ్మ మెడ వైపు చెయ్యి చాపితే, అత్తయ్య ఆ చెయ్యి గాల్లోనే పట్టుకుని, "ఈ ఏడు మోచేతికి రాయమ్మా. మెడ వాడకంలో ఉంది" అంది.

శనివారం ఉదయం కొలిచాను. శుక్రవారం మూడు మిల్లీమీటర్లు ఉన్న పచ్చిచోటు నాలుగయింది.

తాడు తీసేస్తే తగ్గాలి. నా లెక్కలో అలాగే ఉంది. వంటింట్లోకి వెళ్లి చెన్నై నర్సుకి ఫోన్ చేశాను. వేసిన కిరణం పని చర్మంలో ఇంకా కొన్నాళ్లు నడుస్తూనే ఉంటుందనీ, రాపిడి ఆపినంత మాత్రాన ఒక్క రోజులో తేడా రాదనీ ఆవిడ చెప్పింది. గురువారం తను ఇచ్చి పంపిన అంటుకోని మెత్తటి పట్టీ ఆ చోట ఉంచమంది. ప్లాస్టర్ మాత్రం వెయ్యొద్దు, ఊడదీసేటప్పుడు చర్మం కూడా వస్తుంది, పైన వదులుగా గుడ్డ చుట్టమంది. చీము పట్టినా జ్వరం వచ్చినా వెంటనే చెప్పమంది. నేను అన్నీ రాసుకున్నాను. ఈసారి ఏ వాక్యమూ తీసెయ్యలేదు.

ఫోన్ పెట్టేసరికి అత్తయ్య ఒక రాగి పళ్లెంతో నిలబడి ఉంది. అందులో తెల్లగా వెన్నలాంటిది ఏదో ఉంది.

"నీళ్లతో కడిగిన ఆవునెయ్యి. కాలిన చోట రాస్తే చల్లగా ఉంటుంది. వందసార్లు కడగాలి."

"కడిగావా?"

"నూట ఎనిమిది. లెక్క నీకొక్కడికే వచ్చనుకోకు."

తెల్లవారుజామునుంచి కూర్చుని కడిగిందని ఆవిడ అరచేతులు చెప్తున్నాయి. ముడతలు పడి పాలిపోయి ఉన్నాయి. మళ్లీ నర్సుకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, అత్తయ్య చేతే అడిగించాను. నర్సు ఓపిగ్గా విని, మంచి ఉద్దేశమే గానీ పచ్చి చర్మం మీద డాక్టరుగారు రాసింది తప్ప ఇంకేదీ వద్దండి అంది. అత్తయ్య ఫోను వైపు కాసేపు చూసి, "చిన్నపిల్లయినా మర్యాదగా చెప్పింది" అని, ఆ నెయ్యి పట్టుకెళ్లి తన మడమల పగుళ్లకి రాసుకుంది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. అమ్మ ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. నేను విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. మెడకి గాలి తగలాలి, మరీ ఎక్కువ తగలకూడదు. కిటికీ అవతల మబ్బు కమ్మి, ఏటి మీద వెలుగు గోధుమరంగులోకి దిగింది. అవతలి ఒడ్డున రాజమండ్రి ఉందో లేదో తెలియనంత మసక. వంతెనలు ఇటువైపు మొదలై ఎటో గాల్లోకి వెళ్లిపోతున్నట్టు ఉన్నాయి. ఒక బండి ఆ మసకలోంచి వచ్చింది, కిటికీలన్నీ దీపాలతో.

అమ్మ నిద్రపోతోందనుకున్నాను. స్కేలు తీసుకుని వంగాను.

"ఆ ఇనప ముక్క చల్లగా ఉంటుందిరా" అంది కళ్లు మూసుకునే.

"తాకించనమ్మా. వేలెడు దూరంలో పెట్టి చూస్తాను."

"చూడకపోయినా అది అక్కడే ఉంటుంది. రోజుకి మూడుసార్లు కొలుస్తున్నావు. నువ్వు వంగినప్పుడల్లా నేను నీ మొహం చూస్తాను. నీ మొహంలో అంకె కనపడుతుంది."

వంగినవాణ్ని నిటారుగా కూర్చున్నాను.

"నేను నాది తీశాను. నువ్వు నీది తీసెయ్యి. సోమవారం దాకా."

స్కేలు బల్ల సొరుగులో పెట్టి మూసేశాను. ఆ తర్వాత గుడ్డలు మార్చడం, కడగడం, పట్టీ పెట్టడం అత్తయ్యకి అప్పగించాను. ఆవిడ చెయ్యి నా చెయ్యి కన్నా తేలిక. సబ్బునీళ్లు అద్దేటప్పుడు తామరాకు మీంచి నీళ్లు జార్చినట్టు జార్చేది. నేను గుమ్మం బయట నిలబడి, "రుద్దకు అత్తయ్యా" అంటుంటే, "నువ్వు పుట్టినప్పుడు నీకు నీళ్లు పోసింది నేనే. అప్పుడు నువ్వు ఇంతకన్నా పచ్చిగా ఉన్నావు" అనేది. కొలతలు రాసుకునే పుస్తకంలో ఆదివారం గడి ఖాళీగా వదిలేశాను. నేను ఉద్యోగంలో చేరాక ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.

ఆదివారం ఎండ తగ్గాక, గొడుగు పట్టుకుని అమ్మని రేవు మెట్ల దాకా తీసుకెళ్లాను. నీళ్లు ఎండని పైకి కొడతాయి కాబట్టి గొడుగు నెత్తి మీద కాదు, పక్కన వాల్చి పట్టుకోవాలి. ఎర్రనీళ్లు పై మెట్ల దాకా వచ్చి ఉన్నాయి. గుర్రపుడెక్క దిబ్బలు పచ్చగా, నెమ్మదిగా, ఎవరో పరిచిన చాపలు లాగేస్తున్నట్టు కిందికి వెళ్లిపోతున్నాయి. ఒక దిబ్బ మీద కొంగ నిలబడి ఉంది. అది నడవకుండానే ఊరు దాటిపోయింది.

"అక్కడ మాస్కు బిగిస్తారు కదా" అంది అమ్మ. మెడ కదలకుండా తలని బల్లకి పట్టి ఉంచే ప్లాస్టిక్ వల అది. "మొదటి రోజు ఊపిరాడదేమోనని భయమేసింది. రెండో రోజు నుంచి నేను రైలెక్కేస్తున్నాను. కొవ్వూరులో ఎక్కుతాను. తలుపు మూసుకున్న చప్పుడు వినపడగానే బండి కదుల్తుంది. కింద నీళ్లు. గాలి. ఇసకతిన్నెలు. యంత్రం తిరిగే చప్పుడు వంతెన చప్పుడే. అవతలి ఒడ్డు వచ్చేసరికి అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి మాస్కు తీస్తుంది."

"రోజూ అవతలి ఒడ్డు వస్తుందా?"

"రోజూ వస్తుంది. రేపు ఎక్కనిస్తారో లేదో." ఇంకో దిబ్బ మెట్లు దాటిపోయాక మళ్లీ అంది. "ఆపితే ఆపనీ. ఎన్నాళ్లు ఆపుతారో చెప్తే చాలు. ఎన్నాళ్లో చెప్పకుండా ప్లాట్‌ఫారం మీద కూర్చోబెడితేనే కష్టం."

తన మెడ గురించి ఆవిడ భయపడుతున్నట్టు నాకు తెలిసింది అప్పుడే. అప్పటిదాకా ఆవిడ నాన్నగారి గురించి భయపడిందనీ, నా గురించి జాలిపడిందనీ మాత్రమే తెలుసు. నేను అరచేతిని ఆవిడ అరచేతి కింద పెట్టాను. కొలవడానికి ఏమీ లేదు కాబట్టి నీళ్లు చూస్తూ కూర్చున్నాం. వెలుగు పోయేదాకా నీళ్లు ఒకే వేగంతో పోతూనే ఉన్నాయి.

సోమవారం ఉదయం చెన్నైలో డాక్టరుగారి గదిలో కుర్చీలు రెండే ఉన్నాయి. అమ్మ ఒకదాంట్లో, డాక్టరుగారు ఇంకోదాంట్లో కూర్చున్నారు. నాన్నగారు, నేను గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఆవిడ వదులు గుడ్డ విప్పి, పట్టీ తీసి, దీపం దగ్గరికి లాగారు. నేను అమ్మ మెడ వైపు చూడలేదు. డాక్టరుగారి మొహం వైపు చూశాను. ఆవిడ మొహంలో అంకె ఏదీ కనపడలేదు.

"ఇక్కడ ఏం రాసుకునేది?" అని అడిగారు.

"పసుపుతాడండి. మా వాడికి మొన్ననే తెలిసింది" అంది అమ్మ.

"నేను అడగాల్సింది" అన్నారు డాక్టరుగారు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత శుభ్రమైన దూదితో ఆ చోట మెల్లగా అద్ది, దూదిని దీపం ఎదుట పట్టుకుని చూశారు. అది పొడిగా ఉంది. చుట్టూ ఎరుపు అలాగే ఉంది, ఇంకా పెరుగుతుందనీ, ఆఖరి సిట్టింగు అయ్యాక కూడా ఓ రెండు వారాలు ఇబ్బంది పెడుతుందనీ చెప్పారు. గీత మీది చర్మం మాత్రం మూసుకుంది. పట్టీ కొనసాగించమన్నారు. క్రీము సిట్టింగుకి ముందు రాయకుండా తర్వాత రాయమన్నారు. మధ్యలో మళ్లీ లేస్తే ఆ రోజే చూపించమన్నారు.

"వెళ్లమంటారా?" అని అమ్మ లోపలి తలుపు వైపు చూపించింది.

"వెళ్లండి."

ఇరవై రెండో సిట్టింగు పదకొండు గంటల ఐదు నిమిషాలకి పూర్తయింది. మిగిలినవి పదకొండు.